పద్నాలుగో బొమ్మ

2021లో కరోనా రెండో వేవ్ కాస్త సద్దుమణిగిన రోజుల్లో, మా రేవులో పడవ నడిపిన సరంగు గారబ్బాయి ఫోన్ చేశాడు. ఎవరి ఫోన్ మోగినా ముందు భయమే వేసే కాలం అది. "ఏరా, టీవీ చూశావా? యశ్‌పాల్ పోయాడ్రా" అన్నాడు. ఇంట్లో మనిషి కబురు చెప్తున్నట్టే ఉంది గొంతు. 1983లో ప్రపంచకప్పు తెచ్చిన జట్టులో అందరికంటే ముందు వెళ్ళిపోయినవాడు యశ్‌పాల్ శర్మ. కాసేపు ఇద్దరికీ మాట రాలేదు. తర్వాత వాడే అడిగాడు, "మనకి ఆయన ఎక్కడ దొరికాడో గుర్తుందా?"

గుర్తు లేకేం. పాలకొల్లులో పాత పేపర్ల కొట్టు. తూకం వేసి పురికొసతో కట్టి పెట్టిన మోపుల్లో, అడుగు నుంచి రెండో కట్టలో. బయట వాన. కొట్టాయన "తడి చేతులతో ముట్టుకోకండ్రా" అని కసురుతుంటే చొక్కాకి చేతులు తుడుచుకుని మరీ లాగాం. ఇంగ్లండ్‌తో సెమీఫైనల్లో మన జట్టు తరఫున అందరికంటే ఎక్కువగా 61 పరుగులు కొట్టినప్పటి ఫొటో. నలుపు తెలుపు. ఒక మూల ఎవరో టీ గ్లాసు పెట్టిన మరక ఉంది. ఆ మరక ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ ఫోన్ తర్వాత ఒక్కొక్కటీ పైకి రావడం మొదలైంది. వరస చూసుకోకుండా, గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు రాస్తున్నాను.

*

వశిష్ఠ గోదావరికి ఇవతల ఒడ్డున నరసాపురం, అవతల సఖినేటిపల్లి. మధ్యలో పంటు, అంటే నది దాటించే పెద్ద పడవ. మా ఊరు నరసాపురానికి సైకిల్ దూరం, బడి నరసాపురంలోనే. బడి వదిలారంటే మా కాళ్ళు రేవు వైపే తిరిగేవి. సైకిళ్ళు, పాల క్యాన్లు, కొబ్బరికాయల బస్తాలు, ఎండుచేపల గంపలు, అంతర్వేది మొక్కులకి వెళ్ళేవాళ్ళు, కొత్త పెళ్ళికూతుళ్ళు, అందరూ ఒకే పంటు మీద. పంటు వచ్చి ఒడ్డుకి ఒరుసుకున్నప్పుడు ఇనుము కర్రని రాసే కీచుమన్న చప్పుడు ఒకటి వచ్చేది. సరంగు గారు ఆ చప్పుడు రాకముందే తాడు విసరమని కేకేసేవారు. ఆయన రెండో కొడుకు నా క్లాసు. ఎన్నిసార్లయినా టిక్కెట్ లేకుండా నది దాటగలిగిన అదృష్టవంతుడు.

రేవుకి ఎదురుగా కిళ్ళీకొట్టు. కొట్టాయన్ని ఊళ్ళో పిల్లలందరం బాబాయి అనే పిలిచేవాళ్ళం. గాజు సీసాల్లో నిమ్మతొనలు, జీళ్ళు, పప్పుండలు. వాటి పక్కన బిగ్ ఫన్ బబుల్ గమ్. కాగితం విప్పగానే గులాబి రంగు గమ్, దాని తీపి వాసన, దాంతో పాటు ఒక క్రికెటర్ బొమ్మ. గమ్ రుచి కాసేపటికే పోయేది కానీ బొమ్మకి ఆ వాసన నెలల తరబడి ఉండేది. ఇప్పటికీ పిల్లలెవరైనా ఆ రకం గమ్ నములుతుంటే నాకు ముందు పంటు ఇంజన్ డీజిల్ వాసన గుర్తొస్తుంది, తర్వాత వెంగ్‌సర్కార్.

1987లో ప్రపంచకప్పు మన దేశంలోనూ, పాకిస్తాన్‌లోనూ జరిగింది, రిలయన్స్ కప్పు. పిచ్చి ముదిరింది అప్పుడే. బళ్ళో ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే వేపచెట్టు కింద బజారు మొదలయ్యేది. "డబుల్ ఉందా?" అన్నదే పలకరింపు. రెండు శాస్త్రులిస్తే ఒక శ్రీకాంత్. కపిల్ దేవ్‌ని ఎవడూ ఇచ్చేవాడు కాదు, అడిగినా తప్పే. షార్జాలో చివరి బంతికి పాకిస్తాన్ ఆటగాడు మియాందాద్ చేతిలో సిక్సర్ తిన్న దగ్గర్నుంచి చేతన్ శర్మ బొమ్మ ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాళ్ళు లేరు. నాగపూర్‌లో న్యూజిలాండ్ మీద ముగ్గుర్ని వరసగా బౌల్డ్ చేసి హ్యాట్రిక్ తీశాడు చూడండి, మర్నాడు పొద్దున్నే అదే చేతన్ శర్మకి రెండు వెంగ్‌సర్కార్లు పలికాడు. ఆ మ్యాచ్‌లోనే గవాస్కర్ తన వన్డే జీవితంలో ఒకే ఒక్క సెంచరీ కొట్టాడు. సెమీస్‌లో ఇంగ్లండ్ ఆటగాడు గూచ్ స్వీపుల మీద స్వీపులు కొట్టి మనల్ని ఇంటికి పంపేశాక వేపచెట్టు కింద వారం రోజులు బజారే లేదు.

*

అందరూ దొరికిన బొమ్మల్లా పోగేసేవాళ్ళు. అసలు మొత్తం ఎన్ని రకాలున్నాయో మాలో ఎవరికీ తెలీదు. సరంగు గారబ్బాయికి అదే నచ్చలేదు. "ఎక్కడ ఆగాలో తెలీకుండా ఎంతకాలమని పరిగెడతాం? మన లిస్టు మనమే రాసుకుందాం. కప్పు తెచ్చినోళ్ళు పద్నాలుగు మంది. ఆ పద్నాలుగూ పూర్తి చేద్దాం" అన్నాడు.

నాకు ఒళ్ళు జలదరించింది. 1983 ఫైనల్ నాటికి మేం బాగా చిన్నవాళ్ళం. పోస్టుమాస్టారి అరుగు మీద రేడియో చుట్టూ పెద్దవాళ్ళు కూర్చుంటే పక్కనే చాప మీద నిద్రపోయాం. కేకలకి మెలకువ వచ్చేసరికి మా నాన్నగారు పోస్టుమాస్టారిని కౌగలించుకుని ఉన్నారు. వాళ్ళిద్దరికీ మాటల్లేవని ఊరందరికీ తెలుసు. మనవాళ్ళు 183, వెస్టిండీస్ 140. ఆ అంకెలు అక్షరాలు పూర్తిగా రాకముందే నోటికొచ్చేశాయి.

రూళ్ళ పుస్తకం ఒకటి కొని పేజీకొక పేరు రాశాం. కపిల్ దేవ్, మొహిందర్ అమర్‌నాథ్, కీర్తి ఆజాద్, రోజర్ బిన్నీ, గవాస్కర్, కిర్మాణీ, మదన్‌లాల్, సందీప్ పాటిల్, బల్వీందర్ సంధు, యశ్‌పాల్ శర్మ, రవిశాస్త్రి, శ్రీకాంత్, వెంగ్‌సర్కార్. పదమూడు. పద్నాలుగో పేరు ఎవరికీ తట్టలేదు. టీ కొట్టు దగ్గర పెద్దవాళ్ళని అడిగితే తలా ఒక పేరు చెప్పారు. చివరికి పోస్టుమాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "సునీల్ వాల్సన్. ఎడమచేతి ఫాస్ట్ బౌలర్. సికింద్రాబాద్‌లో పుట్టినవాడే. పాపం ఒక్క మ్యాచ్ కూడా ఆడనివ్వలేదు" అన్నారు. పద్నాలుగో పేజీ మీద ఆ పేరు రాశాం. ఆ పేజీ ఎంతకాలం ఖాళీగా ఉండబోతోందో అప్పుడు తెలీదు.

చిక్కు ఎక్కడంటే, గమ్ కంపెనీవాళ్ళకి ఇప్పుడు ఆడుతున్నవాళ్ళే కావాలి. ఆ పద్నాలుగు మందిలో 1987 కప్పు జట్టులోనూ ఉన్నవాళ్ళు ఆరుగురే: కపిల్, గవాస్కర్, శ్రీకాంత్, వెంగ్‌సర్కార్, శాస్త్రి, బిన్నీ. ఆ ఆరుగురూ ఇట్టే వచ్చేశారు. మిగతావాళ్ళు ఎన్ని గమ్‌లు నమిలినా రారు. వాళ్ళని మేమే తయారు చేసుకోవాలి. పేపర్లలో, స్పోర్ట్‌స్టార్ పాత సంచికల్లో ఫొటో దొరికితే గమ్ బొమ్మ సైజుకి కత్తిరించి, బాబాయి కొట్లో సిగరెట్ల అట్టపెట్టెలు అడిగి తెచ్చుకుని వాటి మీద అంటించేవాళ్ళం. మైదా ఉడికించి, అందులో చిటికెడు మైలుతుత్తం వేసేవాళ్ళం, పురుగు పట్టకుండా. బైండింగు చేసే తాతగారు చెప్పిన కిటుకు అది. మా ప్రాంతంలో వానాకాలం గోడలకే బూజు పడుతుంది, కాగితం సంగతి చెప్పక్కర్లేదు.

*

మా అమ్మ లేసు అల్లేది. నరసాపురం చుట్టుపక్కల ఏ ఇంటి అరుగు మీద చూసినా మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇదే పని. ఏజెంటు దారం కండెలు ఇచ్చి వెళ్ళేవాడు, అల్లినవి లెక్కపెట్టుకుని తీసుకెళ్ళి ముక్కకి ఇంతని ఇచ్చేవాడు. ఇచ్చేది చాలా తక్కువ. ఆ డబ్బుతోనే నా ఫీజులు కట్టింది. పెద్ద టేబుల్ క్లాత్ అయితే ఒకే రకం పువ్వులు వందలకొద్దీ అల్లి, తర్వాత ఒకదానికొకటి కలపాలి. అమ్మ చేతిలో కొక్కెం సూది ఎలా తిరిగేదో ఎంత చూసినా నాకు అర్థమయ్యేది కాదు. చూపుడువేలి మీద దారం ఒక చుట్టు, సూది లోపలికి, దారం పైకి, మళ్ళీ లోపలికి. వేలి పక్కన దారం ఒరుసుకుని ఒక గీత పడిపోయింది ఆవిడకి.

వేసవిలో ఒక సాయంత్రం నేను పుస్తకం మూసి గూట్లో పడేశాను. ఇక చాలు అనిపించింది. నెలల తరబడి కొత్త బొమ్మ ఒక్కటీ రాలేదు. కాలువలు కట్టేశారు, పొలాలు నెర్రెలిచ్చాయి, సెలవులకి అందరూ అమ్మమ్మ గారిళ్ళకి పోయారు. మాతో పాటు మొదలెట్టిన మరో ఇద్దరు అప్పటికే మానేసి తమ బొమ్మలన్నీ గోళీలకి మార్చుకున్నారు. అమ్మ అంతా చూసింది, ఏమీ అనలేదు. రాత్రి దీపం దగ్గర అల్లుకుంటూ మామూలుగా అంది:

"నేనెప్పుడూ పువ్వు పూర్తయ్యాక లేవను నాన్నా. పూర్తయ్యాక లేస్తే మర్నాడు సూది పట్టుకోబుద్ధి కాదు. పక్క పువ్వుకి నాలుగు అల్లికలు వేసి అప్పుడు లేస్తాను. పొద్దున్న చెయ్యి దానంతటదే వెళ్ళి కూర్చుంటుంది."

అప్పట్నుంచి అదే మా పద్ధతి. ఏ బొమ్మ అంటించినా, జిగురు ఆరకముందే తర్వాత వెతకాల్సిన మనిషి గురించి ఒక ఉత్తరమైనా రాసి డబ్బాలో వేసి రావాలి. పదిహేను పైసల కార్డు. అమలాపురంలో మా పిన్ని కొడుక్కి, తణుకులో సరంగు గారబ్బాయి మేనత్త కూతురికి, కాకినాడలో హాస్టల్లో ఉన్న అన్నయ్యకి. ఎడమవైపు "కావలసినవి", కుడివైపు "ఇవ్వగలిగినవి". జవాబు రావడానికి వారం పట్టేది, ఒక్కోసారి నెల. ఉత్తరం దారిలో ఉందన్న ధీమా ఉంటే మానేద్దామన్న ఆలోచన రాదు. ఇది ఎవరైనా ప్రయత్నించి చూడొచ్చు.

ఇంకో సంగతి కూడా మాకు బాగా పనికొచ్చింది. లిస్టుని చిన్న చిన్న భాగాలు చేసుకున్నాం. ముందు సెమీఫైనల్ మనుషులు: మొహిందర్, యశ్‌పాల్, పాటిల్, బోథమ్‌ని బౌల్డ్ చేసిన కీర్తి ఆజాద్. తర్వాత ఫైనల్లో వికెట్లు తీసినవాళ్ళు. ఒక భాగం నిండిన రోజు బాబాయి కొట్లో గోళీసోడా. బాబాయి కూడా లెక్క పెట్టుకునేవాడు. "ఆయ్, ఎంతవరకు వచ్చారండీ బాబూ?" అని అడిగి, మేము చెప్పే ప్రతి పేరుకీ ఆ మనిషి ఏం చేశాడో తిరిగి చెప్పించుకునేవాడు. సంధు అంటే గ్రీనిడ్జ్ బ్యాటెత్తి వదిలేసిన బంతి, వికెట్లకి తగిలిన చప్పుడు. మదన్‌లాల్ అంటే రిచర్డ్స్ కొట్టిన బంతి, వెనక్కి పరిగెడుతూ కపిల్ పట్టిన క్యాచ్. ఎన్నోసారి చెప్పినా మొదటిసారి విన్నట్టే వినేవాడు.

*

కీర్తి ఆజాద్ కోసం పడ్డ పాట్లు వేరే చెప్పాలి. తణుకు అమ్మాయి ఎంతో సంబరంగా ఒక కవరు పంపింది, "ఆజాద్ దొరికాడు" అని పైన రాసి. విప్పితే ఖద్దరు బట్టల్లో పెద్దాయన. భగవత్ ఝా ఆజాద్, కీర్తి ఆజాద్ వాళ్ళ నాన్నగారు. అప్పుడాయన బీహార్ ముఖ్యమంత్రి. పిల్లాడి ఫొటో కోసం చూస్తుంటే తండ్రి ఫొటోలు రోజూ పేపర్లో. ఆ అమ్మాయి నొచ్చుకుంటుందని ఆయన్నీ అట్టకి అంటించాం. పుస్తకంలో కీర్తి ఆజాద్ పేజీ వెనకవైపు ఆయన ఇంకా ఉన్నారు.

కిర్మాణీ అంతర్వేది తీర్థంలో దొరికాడు. భీష్మ ఏకాదశికి రథం. పంటు మీద నిలబడ్డానికి చోటు లేదు, సరంగు గారు నది మధ్యలో గొంతు చించుకుంటున్నారు అటు ఒరగొద్దని. ఇసకలో దుకాణాలు, జీళ్ళపాకం వాసన, రంగులరాట్నం కిర్రుకిర్రుమనే చప్పుడు, మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు. పటాలు అమ్మే ఆయన గోనెపట్టా మీద లక్ష్మీనరసింహస్వామి, దుర్గమ్మ, ఎన్టీఆర్, ఆ వరసలోనే అడుగున కొన్ని క్రికెటర్ల పోస్టుకార్డు ఫొటోలు పరిచాడు. కీపింగ్ గ్లవుజులతో, గుండు మీద ఎండ పడి మెరుస్తూ కిర్మాణీ. జింబాబ్వే మీద 17కి 5 వికెట్లు పడ్డాక కపిల్ 175 కొట్టిన రోజు, తొమ్మిదో వికెట్‌కి 126 పరుగులు వచ్చే దాకా కదలకుండా నిలబడి తను 24 చేసిన మనిషి. ఆ ఇన్నింగ్స్ వీడియో ఎక్కడా లేదు. ఫొటోలే దిక్కు. సరంగు గారబ్బాయి తన తీర్థం డబ్బులన్నీ అక్కడే ఇచ్చేశాడు. రంగులరాట్నం ఎక్కలేదు. రథం లాగుతుంటే కూడా ఒక చెయ్యి జేబు మీదే పెట్టుకుని లాగాడు.

*

భీమవరంలో డిగ్రీ చదివేటప్పుడు మా లెక్కల లెక్చరర్ ఒకరోజు సంభావ్యత చెబుతూ సరిగ్గా మా కథే బోర్డు మీద వేశారు. యాభై రకాల బొమ్మలున్నాయి, ప్యాకెట్‌కి ఒకటి వస్తుంది, అన్నీ సమానంగా కలిపారనుకోండి. మార్చుకోకుండా అన్ని రకాలూ పూర్తి కావాలంటే సగటున 225 ప్యాకెట్లు కొనాలి. అందులో మొదటి సగం, అంటే పాతిక రకాలు, దాదాపు 34 ప్యాకెట్లలోనే వచ్చేస్తాయి. మిగిలిన సగానికి 190 పైచిలుకు. చివరి ఒక్క బొమ్మకే సగటున 50. క్లాసులో నేనొక్కడినే లేచి నిలబడ్డాను, ఎందుకో నాకే తెలీదు. గోళీలకి బొమ్మలు మార్చేసుకున్న ఆ ఇద్దరు గుర్తొచ్చారు. వాళ్ళకి ఓపిక లేక కాదు మానేసింది. సగం దాకా అంత తేలిగ్గా వచ్చిన పని తర్వాత ఎందుకు కదలడం లేదో చెప్పేవాళ్ళు లేకపోయారు. మాకేమో వేపచెట్టు కింద మారకం ఉంది, పంటు మీద రెండు ఒడ్డుల పిల్లలూ ఉన్నారు. మార్చుకునేవాళ్ళు పెరిగేకొద్దీ ఆ 225 అంతకంతకూ తగ్గుతుందని కూడా ఆ మాస్టారే చెప్పారు.

ఆ లెక్క కూడా వాల్సన్ దగ్గర పనిచేయదు. అచ్చే వేయని బొమ్మ ఎన్ని ప్యాకెట్లు కొంటే వస్తుంది? ఆ కప్పులో మన జట్టు ఎనిమిది మ్యాచ్‌లు ఆడింది, ఒక్కదాంట్లోనూ వాల్సన్ దిగలేదు. ఆ తర్వాత కూడా దేశం తరఫున ఒక్క టెస్టు గానీ వన్డే గానీ ఆడలేదు. పేపర్లో ఫొటో పడాలంటే బౌలింగ్ చేయాలి కదా.

అయినా ఆ పేజీ తీసేద్దామన్న మాట మా ఇద్దరి నోటా ఎప్పుడూ రాలేదు. కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడంటే ఉన్నట్టే. నెట్స్‌లో మనవాళ్ళకి బంతులేసింది ఎవరు? తుది జట్టులో చోటు దక్కదని తెలిసి రోజూ పొద్దున్నే బూట్లు తొడుక్కున్నది ఎవరు? పోస్టుమాస్టారు ఈ మాట ఆవేశంగా అనేవారు. ఆయన బావమరిది సికింద్రాబాద్‌లో రైల్వేలో పనిచేసేవారు. వాల్సన్ రంజీల్లో రైల్వేస్‌కి కూడా ఆడాడు కాబట్టి అక్కడ ఏదైనా దొరకొచ్చని మేం ఆయనకి కార్డు మీద కార్డు రాసేవాళ్ళం. పాపం ఆయన ఎవరెవర్ని అడిగారో. చాన్నాళ్ళకి, మేము ఇంటర్లో ఉండగా అనుకుంటాను, ఒక పొడుగాటి కవరు వచ్చింది. మడత పడకుండా లోపల అట్ట పెట్టి పంపారు.

అది జట్టు గ్రూపు ఫొటో, ఏదో పత్రికలో పేజీ. బ్లేజర్లు వేసుకుని పద్నాలుగు మందీ, మధ్యలో మేనేజరు మాన్‌సింగ్, మన హైదరాబాద్ ఆయన. వాల్సన్ మొహం బఠాణీ గింజంత ఉంది. కానీ ఉన్నాడు. మొదటిసారి చూశాం ఆయన ఎలా ఉంటాడో.

రేవు దగ్గర చింతచెట్టు కింద కూర్చుని కత్తెర తీశాం. వాల్సన్‌ని కత్తిరిస్తే సెట్టు పూర్తవుతుంది. ఆ ఒక్క మొహం కోసం ఎన్నాళ్ళుగా చూస్తున్నాం! కత్తెర వాడి చేతిలో ఉంది. కాగితం అంచు దాకా తెచ్చాడు. ఆపాడు. "వీణ్ణి కోసేస్తే జట్టులో పదమూడు మందే మిగుల్తార్రా" అన్నాడు. నాకు గొంతు పట్టేసింది. ఎంతోసేపు అలాగే కూర్చున్నాం. రెండు పంటులు వచ్చి వెళ్ళాయి. చివరికి ఫొటో మొత్తం, మాన్‌సింగ్ గారితో సహా, పద్నాలుగో పేజీలో అంటించాం. రూళ్ళ పుస్తకం కంటే పెద్దది కాబట్టి ఒక పక్క మడత పెట్టాల్సి వచ్చింది. కింద "సునీల్ వాల్సన్" అని ముందే రాసి ఉంది, అలాగే ఉంచాం.

ఆ సాయంత్రం బాబాయి డబ్బులు తీసుకోలేదు. రెండు గోళీసోడాలు కొట్టి మా ముందు పెట్టి, పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా చూశాడు. చేతులు ముందే తువ్వాలుకి తుడుచుకున్నాడు.

*

పుస్తకం ఏడాది నా దగ్గర, ఏడాది వాడి దగ్గర ఉండాలని ఒప్పందం. 1996 నవంబరు తుపాను నాటికి అది వాడి దగ్గర ఉంది. చిన్న ఉద్యోగం వచ్చి అమలాపురం పక్కన కాపురం పెట్టాడు. కోనసీమ కొబ్బరితోటలన్నీ ఆ ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. వాడి ఇంటి పెంకులు లేచిపోతుంటే భార్యనీ, పసిపిల్లనీ పక్క డాబా ఇంటికి చేర్చి, మళ్ళీ వెనక్కి వచ్చి పుస్తకాన్ని బియ్యం డబ్బాలో కుక్కి మూత పెట్టి వెళ్ళాడట. ఈ మాట వాళ్ళావిడ చెప్పేదాకా నాకు తెలీదు. అప్పటికే తడిసింది. తర్వాత ఎండ వచ్చాక పడిపోయిన కొబ్బరిమానుల మీద పేజీలు విప్పి ఆరబెట్టి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో పైన గుడ్డ వేసి ఒక్కో పేజీ ఒత్తాడు. అన్నీ నిలిచాయి. సంధు ఒక్కడే పోయాడు. ఎదురు పేజీలో మదన్‌లాల్‌కి అతుక్కుపోయి, విడదీస్తే మొహం సగం అటు, సగం ఇటు వచ్చింది.

నాకు అప్పటికి హైదరాబాద్‌లో ఉద్యోగం. ఊరు వెళ్ళి ఆ పేజీ చూసినప్పుడు మళ్ళీ మొదలెట్టే శక్తి ఉందా అనిపించింది. వాడు ఏమీ మాట్లాడకుండా కార్డు ముక్క ఒకటి నా చేతికిచ్చాడు. "కావలసినవి: సంధు" అని రాసి, నా హైదరాబాద్ అడ్రసు కూడా వేసేశాడు. పోస్టాఫీసు తెరుచుకోలేదు కాబట్టి చేతికిస్తున్నానన్నాడు.

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. నా ఆదివారాలు చాలా అక్కడే గడిచాయి. సంధు దొరికాడు, తలపాగాతో, రనప్ మధ్యలో. గమ్ సైజుకి కత్తిరిస్తే కాళ్ళు తెగిపోతాయని పొడుగ్గానే ఉంచాను.

న్యూజెర్సీలో ఉండే మా చిన్నాన్న కొడుక్కి ఈ కథ చెబితే వాడు అక్కడి బేస్‌బాల్ కార్డుల సంగతి చెప్పాడు. 1933లో గౌడీ అనే గమ్ కంపెనీ 240 కార్డుల సెట్టు వేసిందట. అందులో 106వ నంబరు అసలు అచ్చే వేయలేదు. పిల్లలు దాని కోసం కొంటూనే ఉన్నారు. చివరికి ఫిర్యాదు చేస్తూ ఉత్తరాలు రాసినవాళ్ళకి మరుసటి ఏడాది, 1934లో, ఆ కార్డు వేసి పోస్టులో పంపారు. నెపోలియన్ లాజోయ్ అనే పాతకాలం ఆటగాడిది. ఇప్పుడు దాని ధర వింటే కళ్ళు తిరుగుతాయి. నాకు మాత్రం ధర కంటే ఆ పిల్లలే కళ్ళముందు కదిలారు. ఎక్కడో అమెరికాలో ఒక నంబరు ఖాళీ వదిలి, రోజూ పోస్టుమ్యాన్ కోసం చూసిన పిల్లలు. కంపెనీ చేసింది అన్యాయం. ఉత్తరం రాసి సాధించుకున్నారు చూడండి, అది నాకు ఎంతో నచ్చింది.

*

వాల్సన్ పేజీ అంటించిన సాయంత్రమే, జిగురు ఆరకముందే, సరంగు గారబ్బాయి పుస్తకం తిప్పి వెనకవైపు మొదటి పేజీ మీద "వాడేకర్" అని రాశాడు. వాడేకర్ కెప్టెన్‌గా 1971లో ఓవల్ టెస్టు గెలిచి ఇంగ్లండ్‌లో మొట్టమొదటి సిరీస్ తెచ్చిన పదకొండు మంది. చంద్రశేఖర్ 38 పరుగులకి 6 వికెట్లు, గెలుపు ఫోరు కొట్టిన మన హైదరాబాదీ ఆబిద్ అలీ. ఇంటర్నెట్‌లో నొక్కితే వచ్చే ఫొటోలు చెల్లవు, అప్పటి కాగితం మీద అచ్చయినదే కావాలన్నది మా నియమం. అందుకే ఇంత ఆలస్యం. ఉద్యోగాలు, పిల్లల చదువులు, పెళ్ళిళ్ళ మధ్య ఏళ్ళకేళ్ళు ఒక్క పేజీ కూడా కదల్లేదు. కానీ ఎవరో ఒకరి దగ్గర నుంచి జవాబు రావలసి ఉండేది ఎప్పుడూ.

పదిమంది వచ్చేశారు. అశోక్ మన్కడ్ ఒక్కడూ రావాలి. నా దగ్గర సోల్కర్ డబుల్ ఉంది, మార్చుకోవడానికి సిద్ధం. వాడి బావమరిది రాజమండ్రిలో ఒక పాత పుస్తకాల కొట్లో 1971, 72 నాటి పత్రికల కట్ట చూశాడట, పైనున్నవి మాత్రమే తిరగేశాడట. ఈ ఆదివారం వెళ్తున్నాం. నేను పొద్దున్న రైలుకి దిగుతాను, వాడు రావులపాలెం మీదుగా బస్సులో వస్తాడు. మన్కడ్ దొరికితే వాడి దగ్గర తర్వాతి లిస్టు సిద్ధంగా ఉంది. ఏ జట్టో నాకింకా చెప్పలేదు.